కనెక్ట్ కాని డివైస్‌ను పట్టుకోవడం: ఒక మీటింగ్ గది కేస్ స్టడీ

ఒక సంస్థలో కొత్త ఉత్పత్తుల మీద చర్చలు జరిగే గది అది. ఫోన్, ల్యాప్‌టాప్, స్మార్ట్‌వాచ్, ఏదీ లోపలికి తీసుకెళ్లకూడదు. బయట లాకర్లు ఉన్నాయి, అందరూ అందులో పెట్టే వెళ్తారు. ఆ గదిలో వైఫై, బ్లూటూత్ వాడే వస్తువు ఏదీ లేదని పరీక్షించి రాసివ్వడం నాకు అప్పగించిన పని. సెక్యూరిటీ మేనేజర్ అప్పటికే తన వంతు చూసేసుకున్నారు. వైఫై కంట్రోలర్ డ్యాష్‌బోర్డ్ తెరిచి చూపించి, "చూడండి సార్, ఆ గది పక్కనున్న యాక్సెస్ పాయింట్‌కి రాత్రిపూట ఒక్క క్లయింట్ కూడా ఉండదు. ఇంకేముంటుందండీ?" అన్నారు.

యాక్సెస్ పాయింట్ అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె, క్లయింట్ అంటే దానికి కలిసిన డివైస్. డ్యాష్‌బోర్డ్‌లో ఆయన చూస్తున్నది తమ నెట్‌వర్క్‌లో చేరిన వాటి జాబితా. చేరనివి, వేరే నెట్‌వర్క్‌లో ఉన్నవి, ఏ నెట్‌వర్కూ దొరక్క వెతుక్కుంటున్నవి అందులోకి రావు. ఈ మూడో రకాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఎందుకంటే దానికి ఐపీ అడ్రస్ ఉండదు, పింగ్ చేస్తే (ఉన్నావా అని సందేశం పంపితే) పలకదు, నెట్‌వర్క్ స్కానర్‌కు కనిపించదు. కానీ గాలిలో అది చేసే చప్పుడు మాత్రం తక్కువేమీ కాదు.

వినడానికి కావలసినవి

వైఫై డివైస్ నెట్‌వర్క్ కోసం రెండు రకాలుగా వెతుకుతుంది. ఒకటి, ఊరికే వింటూ కూర్చోవడం. యాక్సెస్ పాయింట్లు మామూలుగా 102.4 మిల్లీసెకన్లకోసారి బీకన్ (తమ పేరు చాటే చిన్న సందేశం) పంపుతుంటాయి, వాటిని విని పేర్లు పోగుచేసుకుంటుంది. రెండోది, తానే గొంతెత్తి అడగడం. ఆ అడిగే ఫ్రేమ్ (వైఫైలో ఒక్కో సందేశాన్ని ఇలా అంటారు) పేరు ప్రోబ్ రిక్వెస్ట్. అందులో పంపినవాడి మ్యాక్ అడ్రస్ (రేడియో గుర్తింపు సంఖ్య), తనకు చేతనైన డేటా రేట్లు, రేడియో సామర్థ్యాలు ఉంటాయి. ఒక్కోసారి తాను వెతికే నెట్‌వర్క్ పేరు కూడా ఉంటుంది. ఇంకా ఎవరితోనూ చేయి కలపలేదు కాబట్టి తాళం లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు. దగ్గర్లో వినగలిగిన రేడియో ఉంటే చాలు, మొత్తం చదువుకోవచ్చు.

ఆ వినగలిగిన రేడియో మాత్రం మామూలు మోడ్‌లో ఉంటే కుదరదు. మామూలు మోడ్‌లో వైఫై చిప్ తనకు సంబంధం లేని ఫ్రేమ్‌లను పైకి పంపకుండా పారేస్తుంది. వినిపించిన ప్రతి ఫ్రేమ్‌నూ పైకి ఇచ్చే మానిటర్ మోడ్‌లో దాన్ని పెట్టాలి. ఫోన్‌లోని వైఫై అనలైజర్ యాప్‌తో ఈ పని కాదు. అవి చూపించేది యాక్సెస్ పాయింట్లను, ఫోన్లనూ డాంగిల్స్‌నూ కాదు. నేను వాడింది లినక్స్ ల్యాప్‌టాప్, దానికి రెండు యూఎస్‌బీ అడాప్టర్లు. 2.4 గిగాహెర్ట్జ్ కోసం ఏఆర్9271 చిప్ ఉన్నది, 5 గిగాహెర్ట్జ్ కూడా వినడానికి ఎంటీ7612యూ చిప్ ఉన్నది. అడాప్టర్ కొనేటప్పుడు డబ్బా మీద బ్రాండ్ కన్నా లోపలి చిప్ ఏదో చూసుకోవాలి. అదే మోడల్ నంబర్‌తో కొన్నాళ్ల తర్వాత వేరే చిప్ వేసి అమ్మేవాళ్లూ ఉన్నారు.

సాఫ్ట్‌వేర్ వైపు, ఫ్రేమ్‌లు పట్టి చూపించే ఎయిరోడంప్-ఎన్‌జీ, కిస్మెట్, వైర్‌షార్క్ చాలు. ఎయిరోడంప్ తెరలో పై సగం యాక్సెస్ పాయింట్లు, కింది సగం స్టేషన్లు, అంటే ఫోన్ల లాంటి డివైస్‌లు. ఆ కింది సగంలో 'నాట్ అసోసియేటెడ్' (ఏ నెట్‌వర్క్‌లోనూ చేరనిది) అని ఉన్న వరుసలే మా జాబితా. దీనితో ఒక చిక్కుంది. ఏమీ చెప్పకుండా నడిపితే ఎయిరోడంప్ 2.4 గిగాహెర్ట్జ్ ఛానెళ్లే తిరుగుతుంది. 5 గిగాహెర్ట్జ్ కావాలంటే బ్యాండ్ విడిగా చెప్పాలి. అలా చెప్పకుండానే 'గది క్లీన్' అని రాసిన రిపోర్టులు నేను చూశాను.

రాత్రి వినిపించినది

మొదటి రికార్డింగ్ గది ఖాళీగా ఉన్నప్పుడు, తలుపులు వేసి, లైట్లు ఆర్పి చేశాం. మనుషులు లేనప్పుడు వినిపించేది ఆ గది సొంత చప్పుడు. పగటిపూట నేరుగా మొదలుపెడితే కారిడార్‌లో నడిచే ప్రతివాడి ఫోనూ జాబితాలోకి వచ్చి తలనొప్పి తప్ప ఏమీ మిగలదు.

ఛానెళ్లు తిరుగుతూ కాసేపు విన్నాక, ఒక అడాప్టర్‌ను ఆరో ఛానెల్ మీద కదలకుండా నిలిపేశాను. కొత్తగా ఈ పని చేసేవాళ్లకు ఇది వింతగా అనిపిస్తుంది. అన్ని ఛానెళ్లూ తిరిగితేనే కదా అన్నీ దొరికేది అంటారు. యాక్సెస్ పాయింట్ విషయంలో అది నిజం, అది ఒక ఛానెల్‌లోనే కూర్చుంటుంది. వెతుక్కునే డివైస్ అలా కాదు. అదే ఛానెల్ తర్వాత ఛానెల్ తిరుగుతూ ఒక్కోదాంట్లో కొన్ని పదుల మిల్లీసెకన్లు ఉండి అడిగి వెళ్తుంది. అదీ తిరుగుతూ, మనమూ తిరుగుతూ ఉంటే ఒకరికొకరు ఎదురుపడటం అదృష్టం మీద ఆధారపడుతుంది. మనం ఒకచోట ఆగితే అది ప్రతి రౌండ్‌లోనూ మన ముందు నుంచే పోతుంది. పైగా 2.4 గిగాహెర్ట్జ్‌లో పక్క ఛానెళ్లు ఒకదాని మీదికొకటి వస్తాయి కాబట్టి, ఐదులోనో ఏడులోనో తక్కువ వేగంతో అడిగింది కూడా ఆరులో కొన్నిసార్లు వినిపిస్తుంది.

జాబితాలో చాలావరకు బలహీనమైన సిగ్నళ్లు, మైనస్ 80 డీబీఎం దరిదాపుల్లో. డీబీఎం సిగ్నల్ బలానికి కొలత, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ. గోడల అవతలివి, పై అంతస్తువి అనుకోవచ్చు. వాటి మధ్య ఒక వరుస మాత్రం పోకుండా నిలిచి ఉంది. సుమారు నిమిషానికోసారి నాలుగైదు ఫ్రేమ్‌ల గుంపు, సిగ్నల్ మైనస్ 50ల్లో. మ్యాక్ అడ్రస్ మారడం లేదు. ప్రోబ్స్ అన్న కాలమ్‌లో ఒక నెట్‌వర్క్ పేరు కూడా ఉంది.

ఆ పేరు చదివి వినిపించగానే మేనేజర్ ముఖం మారిపోయింది. "అది మా పాత గెస్ట్ వైఫై పేరండీ. కంట్రోలర్ మార్చినప్పుడే తీసేశాం కదా!"

యాక్సెస్ పాయింట్లలోంచి తీసేశారు, నిజమే. దాని పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకున్న డివైస్‌లోంచి ఎవరూ తీయలేదు. అది ఇన్నాళ్లుగా లేని నెట్‌వర్క్‌ను పేరుపెట్టి పిలుస్తూనే ఉంది.

అడ్రస్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మ్యాక్ అడ్రస్ మొదటి బైట్‌ను రెండు హెక్స్ అంకెలుగా రాస్తే, అందులో రెండో అంకె చూడండి. అది 2, 6, ఏ, ఈ లలో ఒకటైతే ఆ అడ్రస్ సాఫ్ట్‌వేర్ తయారు చేసుకున్నది. 0, 4, 8, సీ అయితే ఫ్యాక్టరీలో ఇచ్చినది. మాకు దొరికినదాంట్లో రెండో అంకె 4. అంటే ఫ్యాక్టరీ అడ్రస్. మొదటి మూడు బైట్లు, ఈ అడ్రస్‌లు కేటాయించే ఐఈఈఈ సంస్థ జాబితాలో వెతికితే ఒక వైఫై మాడ్యూల్ తయారీదారు పేరు వచ్చింది. ఇక్కడ చాలామంది తొందరపడతారు. ఆ పేరు రేడియో మాడ్యూల్ చేసినవాళ్లది. ఆ మాడ్యూల్ టీవీలో ఉండొచ్చు, కెమెరాలో ఉండొచ్చు, కాఫీ మెషీన్‌లోనూ ఉండొచ్చు. 'ఫలానా కంపెనీ కెమెరా దొరికింది' అని అప్పుడే మెయిల్ కొట్టి ఉంటే అనవసరమైన గోల అయ్యేది.

అయితే స్థిరమైన అడ్రస్ అన్న ఒక్క విషయమే చాలా చెప్పింది. ఇది ఈ మధ్యకాలపు ఫోన్ కాకపోవచ్చు. వెతికేటప్పుడు దొంగ అడ్రస్ వాడటం ఐఫోన్లలో 2014లో ఐఓఎస్ 8తో మొదలైంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, అంటే 2019 నుంచి, నెట్‌వర్క్‌లో చేరేటప్పుడు కూడా మామూలుగా దొంగ అడ్రస్సే ఇస్తుంది. 2020లో ఐఓఎస్ 14 కూడా అదే దారి పట్టింది. దాదాపు ఇలాంటి జాగ్రత్తలేవీ లేకుండా మిగిలిపోయినవి చవక గాడ్జెట్లు, పాత ప్రింటర్లు, డాంగిల్స్, గృహోపకరణాలు.

చోటు పట్టడం

ఏముందో ఇంకా తెలియదు, ఎక్కడుందో తెలియాలి. సిగ్నల్ బలం చూస్తూ దగ్గరికి వెళ్లడమే పద్ధతి. ఖాళీ జాగాలో దూరం రెట్టింపైతే సిగ్నల్ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో ఈ లెక్క నమ్మడానికి లేదు. గోడలకు, బల్లలకు, ఇనుప బీరువాలకు తగిలి తిరిగొచ్చే తరంగాలతో, చేయి అటూ ఇటూ కదిపితేనే ఐదారు డెసిబెల్స్ ఊగుతుంది. అందుకే ఒక రీడింగ్ చూసి అడుగు వేయకూడదు, ఒకచోట నిలబడి పది పదిహేను ఫ్రేమ్‌లు వచ్చాక మధ్యస్థం తీసుకోవాలి. మా డివైస్ నిమిషానికోసారి మాట్లాడే రకం. అంటే ఒక్కో మూలలో మూడు నాలుగు నిమిషాలు ఊరికే నిలబడాలి. ఓపిక ఉంటే దొరుకుతుంది, కానీ అంత ఓపిక అక్కర్లేని దారి మా చేతిలోనే ఉంది.

అది వెతికే నెట్‌వర్క్ పేరు తెలుసు. ఆ నెట్‌వర్క్ ఈ సంస్థదే. పాత పాస్‌వర్డ్ వాళ్ల ఫైళ్లలో ఉంది. మేనేజర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, అదే పేరు, అదే పాస్‌వర్డ్, అదే డబ్ల్యూపీఏ2 (వైఫై భద్రతా పద్ధతి) సెట్టింగ్‌తో ఒక చిన్న యాక్సెస్ పాయింట్ గదిలో ఆన్ చేశాను. పవర్ బాగా తగ్గించి, ఇంటర్నెట్ వైర్ పెట్టకుండా. తర్వాతి రౌండ్‌లోనే అది వచ్చి చేరిపోయింది, ఐపీ అడ్రస్ అడిగింది. డీహెచ్‌సీపీలో, అంటే ఐపీ అడ్రస్ ఇచ్చే పద్ధతిలో, అడిగేటప్పుడు చాలా డివైస్‌లు తమ హోస్ట్‌నేమ్ (తమ పేరు) కూడా చెబుతాయి. ఇదీ చెప్పింది. ఆ పేరులో స్క్రీన్ షేరింగ్ రిసీవర్ అని స్పష్టంగా ఉంది.

ఇక వెతుకులాట రూపే మారిపోయింది. సెకనుకోసారి పింగ్ పెట్టాను. జవాబు ఇచ్చిన ప్రతిసారీ దాని ఫ్రేమ్ గాలిలోకి వస్తుంది, నా రెండో అడాప్టర్ అదే ఛానెల్‌లో వింటోంది. తలుపు దగ్గర మైనస్ 58. బల్ల మధ్యలో మైనస్ 49. టీవీ ఉన్న గోడ వైపు రెండడుగులు వేస్తే మైనస్ 41. టీవీ కింది అంచుకు అడాప్టర్ ఆనిస్తే మైనస్ 29. టీవీని బ్రాకెట్ మీంచి కాస్త ముందుకు లాగి టార్చ్ వేస్తే వెనక హెచ్‌డీఎంఐ పోర్టులో అగ్గిపెట్టె అంత డాంగిల్, దాని వైరు టీవీ యూఎస్‌బీ పోర్టులోకి. టీవీ రిమోట్‌తో ఆపేసినా ఆ పోర్టుకు కరెంటు వస్తూనే ఉంది. అందుకే అది రాత్రింబవళ్లూ మేలుకుని ఉంది.

ఈ కిటుకు అన్నిచోట్లా వాడేది కాదు. మీది కాని నెట్‌వర్క్ పేరుతో యాక్సెస్ పాయింట్ పెడితే అది దాడి కిందికే వస్తుంది. దారిన పోయే వేరేవాళ్ల ఫోన్లు కూడా వచ్చి చేరే ప్రమాదం ఉంది. పేరు మీది, పాస్‌వర్డ్ మీది, గది మీది, అనుమతి కాగితం చేతిలో ఉంది అన్నప్పుడే.

"ఒక డాంగిల్‌కి ఇంత టెన్షన్ అవసరమా?"

ఫెసిలిటీస్ విభాగం వాళ్లు అడిగిన మాట ఇది. మైక్ లేదు, కెమెరా లేదు, ఏ నెట్‌వర్క్‌లోనూ లేదు. నిజమే, అది ఎవరి మాటలూ వినడం లేదు. అసలు సమస్య అది పిలిచే పేరుతో ఉంది.

ఆ పేరుతో బయటివాడు ఒక నకిలీ యాక్సెస్ పాయింట్ పెట్టాడనుకుందాం. పాస్‌వర్డ్ తెలియకపోయినా ఫర్వాలేదు. డబ్ల్యూపీఏ2లో చేరే ప్రక్రియ నాలుగు సందేశాలు. మొదటిది యాక్సెస్ పాయింట్ పంపుతుంది, దానికి పాస్‌వర్డ్ అవసరం లేదు. రెండోది డివైస్ పంపుతుంది, అందులో పాస్‌వర్డ్ నుంచి పుట్టిన తాళంతో లెక్కకట్టిన సరిచూపు విలువ ఉంటుంది. నకిలీవాడు అక్కడితో ఆగిపోవచ్చు. ఆ విలువను ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా పాస్‌వర్డ్లు ఊహించి సరిపోల్చుకుంటాడు. అసలు నెట్‌వర్క్ ఉనికిలో లేకపోయినా సరే, దాని పాస్‌వర్డ్ ఇలా బయటికి పోతుంది. లేని నెట్‌వర్క్ పాస్‌వర్డ్ పోతే ఏం అని మీరు అడగొచ్చు. వీళ్లూ అడిగారు. కొత్త గెస్ట్ పాస్‌వర్డ్ ఏమిటని నేను తిరిగి అడిగితే, పాతదే, దాని చివర ఉన్న సంవత్సరం అంకె ఒక్కటే మార్చారని తేలింది.

ఆ రోజే మార్చేశారు.

ఎన్ని ఫోన్లు వచ్చాయో చెప్పగలరా?

డాంగిల్ దొరికాక మేనేజర్‌కు ఉత్సాహం వచ్చింది. "అయితే మీటింగ్ జరిగేటప్పుడు లోపలికి ఎన్ని ఫోన్లు వచ్చాయో కూడా ఇలాగే లెక్కపెట్టొచ్చు కదండీ?"

ఎన్ని అన్నది చెప్పలేం. ఒక్క ఫోన్‌ను ఖాళీ గదిలో పెట్టి, ఏ నెట్‌వర్క్‌కూ కలపకుండా, అప్పుడప్పుడు స్క్రీన్ ఆన్ చేస్తూ ఆయనకు చూపించాను. కొన్ని నిమిషాల్లో అది ఒకదాని తర్వాత ఒకటిగా కొత్త అడ్రస్‌లతో వచ్చింది. జాబితా చూసినవాడెవడైనా గది నిండా ఫోన్లున్నాయనే అనుకుంటాడు. వైఫై సెన్సార్లతో జనాన్ని లెక్కించామని చెప్పే పాత పద్ధతులు చాలావరకు ఇక్కడే కూలిపోయాయి.

అడ్రస్ మారినా మిగతావి కొంత పట్టిస్తాయి. ఫ్రేమ్‌లకు 0 నుంచి 4095 వరకు వరుస సంఖ్య ఉంటుంది. కొన్ని ఫోన్లు అడ్రస్ మార్చినా సంఖ్యను ఆపకుండా కొనసాగిస్తాయి, అప్పుడు రెండు అడ్రస్‌లూ ఒకే ఫోన్‌వని తెలిసిపోతుంది. సామర్థ్యాల జాబితా కూడా మోడల్‌ను బట్టి ఒక ముద్రలా ఉంటుంది. కానీ ఒకే మోడల్ ఫోన్లు రెండుంటే ఆ ముద్ర ఒక్కటే, కొత్త ఫోన్లలో సంఖ్య కూడా అడ్రస్‌తో పాటు మారిపోతోంది. పైగా జేబులో స్క్రీన్ ఆపి ఉన్న ఫోన్ చాలాసేపు నోరు మెదపకపోవచ్చు. 5 గిగాహెర్ట్జ్‌లో రాడార్‌తో పంచుకునే ఛానెళ్లలో అయితే వెతికే డివైస్ ముందుగా అడగకుండా వినడానికే పరిమితం కావాలి.

ఇంకోవైపు, వైఫై ఆపేశాం అనుకున్న ఫోన్లు మాట్లాడుతూ ఉండొచ్చు. ఆండ్రాయిడ్‌లో లొకేషన్ సెట్టింగ్స్‌లో వైఫై స్కానింగ్ అని విడిగా ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే వైఫై ఆపినా వెతుకులాట ఆగదు. ఐఫోన్‌లో 2017 నుంచి, అంటే ఐఓఎస్ 11 నుంచి, కంట్రోల్ సెంటర్‌లో వైఫై గుర్తు నొక్కితే ఉన్న నెట్‌వర్క్ తెగుతుందే తప్ప రేడియో ఆగదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపాలి. 'నేను ఆపేశానండీ' అన్న మనిషి అబద్ధమాడుతున్నాడని అనుకోకండి.

అందుకే మేనేజర్‌కు ఎన్ని అన్న లెక్క ఇవ్వకుండా, ఉందా లేదా అన్నదానికి పరిమితమయ్యాను. తెలిసిన ఫోన్‌ను గదిలో మూలమూలా పెట్టి, తర్వాత గోడల అవతల పెట్టి కొలిచాం. ఇటుక గోడ వైపు తేడా బాగా తెలిసింది. కారిడార్ వైపు గాజు పలక మాత్రం ఏ అడ్డూ కాలేదు, పలకకు ఆనుకుని బయట నిలబడ్డవాడి ఫోన్ లోపలి దానిలాగే వినిపించింది. చివరికి మీటింగ్ సమయంలో ఆ కారిడార్ భాగంలో ఎవరూ నిలబడకుండా చూడటం సాఫ్ట్‌వేర్ సర్దుబాట్లన్నింటికన్నా బాగా పనిచేసింది.

బ్లూటూత్ వైపు

ఇది త్వరగా తేలిపోయింది. 'బ్లూటూత్ లో ఎనర్జీ' అనే తక్కువ కరెంటు రకం డివైస్‌లు 37, 38, 39 అనే మూడు ఛానెళ్లలో తమ ఉనికి చాటుకుంటాయి. వైఫై 1, 6, 11 ఛానెళ్ల సందుల్లో పడేలా వాటిని 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టారు. వీటిని వినడానికి ప్రత్యేక పరికరం అక్కర్లేదు, ఎన్ఆర్ఎఫ్ కనెక్ట్ లాంటి యాప్ ఉన్న ఫోన్ చాలు. గోడ మీద ఉష్ణోగ్రత, తేమ చూపించే చిన్న మీటర్ ప్రతి కొద్ది సెకన్లకూ తన రీడింగ్ అందరికీ చెబుతూ దొరికింది. బ్యాటరీతో నడిచే గడియారం లాంటి వస్తువు, అదీ వైర్‌లెస్ అని ఎవరికీ తట్టలేదు.

వైఫైకి, దీనికి ఒక తలకిందులు తేడా ఉంది. బ్లూటూత్‌లో ఫోన్‌తో జతకలిసి వాడకంలో ఉన్న ఇయర్‌ఫోన్ చాలాసార్లు ప్రకటన ఆపేస్తుంది. అంటే యాప్‌లో కనిపించకుండా పోయేది కనెక్ట్ అయిన డివైస్. దాన్ని పట్టాలంటే ఎన్ఆర్ఎఫ్52840 డాంగిల్ లాంటి స్నిఫర్‌తో (గాలిలోని సందేశాలు పట్టే పరికరంతో) కనెక్షన్ మొదలయ్యే క్షణంలోనే వెంటపడాలి.

రికార్డులు ఏం చేశాం

రాత్రి రికార్డింగ్‌లో పక్క ఆఫీసుల ఫోన్ల ప్రోబ్‌లూ పడ్డాయి. కొన్నింటిలో ఇళ్ల వైఫై పేర్లు ఉన్నాయి. ఇంటి వైఫైకి కుటుంబం పేరు పెట్టుకునే అలవాటు చాలామందిది, దాన్ని బట్టి మనిషిని గుర్తుపట్టొచ్చు. 2013లో లండన్‌లో రీసైక్లింగ్ డబ్బాల్లో పెట్టిన సెన్సార్లు దారిన పోయేవాళ్ల ఫోన్ అడ్రస్‌లు పోగుచేస్తున్నాయని బయటపడితే, సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ వెంటనే ఆపమంది. అలాంటి తలనొప్పి నా క్లయింట్‌కు తెచ్చిపెట్టే ఉద్దేశం నాకు లేదు. మైనస్ 70 కన్నా బలహీనమైనవన్నీ, సంస్థవి కాని పేర్లన్నీ ఆ రాత్రే చెరిపేశాం.

అడ్రస్‌లను హ్యాష్ చేసి (నేరుగా వెనక్కి తిప్పలేని కోడ్‌గా మార్చి) దాచుకుందాం అని వాళ్ల ఐటీ విభాగం అంది. ఫ్యాక్టరీ అడ్రస్‌లో తయారీదారు భాగం తెలిస్తే మిగిలేది 24 బిట్లు, అంటే సుమారు 1.68 కోట్ల అవకాశాలు. మామూలు ల్యాప్‌టాప్ అన్నింటినీ హ్యాష్ చేసి సరిపోల్చడానికి పెద్ద సమయం పట్టదు. ఉప్పు (సాల్ట్, అంటే హ్యాష్ చేసే ముందు కలిపే రహస్య యాదృచ్ఛిక విలువ) కలిపి, ఆ ఉప్పును రోజూ పారేస్తే తప్ప అది దాచినట్టు కాదు. వద్దన్నాను, చెరిపేయడమే మేలని ఒప్పుకున్నారు.

రిపోర్టులో రాసినది

క్లయింట్‌కు 'గదిలో ఏ వైర్‌లెస్ డివైస్ లేదు' అన్న వాక్యం కావాలి. దాని మీద సంతకం పెట్టలేదు. నేను వినింది వైఫై రెండు బ్యాండ్లు, బ్లూటూత్ లో ఎనర్జీ ప్రకటనలు. సిమ్ కార్డుతో నడిచే రహస్య మైక్, 433 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో రికార్డ్ చేస్తున్న ఫోన్, ఇవేవీ ఈ పరికరాలకు వినిపించవు. వాటిలో కొన్నింటికి విస్తృత బ్యాండ్ రేడియో కావాలి, చివరిదానికి తలుపు దగ్గర మనిషి కావాలి. కాబట్టి ఏ బ్యాండ్లలో, ఏ సమయాల్లో, గది ఏ స్థితిలో ఉండగా విన్నామో రాసి, ఆ మేరకు డాంగిల్, మీటర్ తీసేశాక గది లోపలి నుంచి వస్తున్నదని చెప్పదగ్గ సిగ్నల్ ఏదీ వినిపించలేదని రాశాను. కొంచెం గునిసి తీసుకున్నారు.

చివరగా మేనేజర్ ఒక ఆలోచన చెప్పారు. పాత పేరుతో పెట్టిన ఆ యాక్సెస్ పాయింట్‌ను అలాగే ఉంచేస్తే, ఇంకా ఎక్కడైనా మర్చిపోయిన డివైస్‌లుంటే అవే వచ్చి చేరతాయి కదా అని. ఆలోచన మంచిదే. ఒక వారం పాటు మిగతా అంతస్తుల్లో తిప్పి చూడమన్నాను, గదిలో మాత్రం వద్దన్నాను. రేడియో ఉండకూడదని నియమం పెట్టుకున్న గదిలో, సగం మందికి తెలిసిన పాస్‌వర్డ్‌తో, మనమే ఒక రేడియో ఆన్ చేసి ఉంచినట్టవుతుంది. దాన్ని విప్పి బ్యాగులో పెట్టుకున్నాక, తలుపులు వేసి మళ్లీ ఒకసారి ఆరో ఛానెల్ విన్నాం. పాత పేరుతో ఎవరూ పిలవలేదు.